మేడారంలో గోలీలు లేక మూడు రోజులు నరకం చూశాను: గాబరా మందులు ఎట్లా వాడాలి, ఎట్లా ఆపాలి?

ఓరుగల్లు_కోట · ఆదివారం రాత్రి 9:52

అందరికీ నమస్తే. ఇక్కడ రెండేండ్లుగా చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదలు.

నాకు 33 ఏండ్లు. హన్మకొండలో ఒక ప్రైవేటు ఆఫీసులో లెక్కలు చూస్తాను. కిందటేడు మే నెలలో చౌరస్తాలో సిగ్నల్ దగ్గర బండి మీద ఉండగా గుండె దడదడ మొదలైంది. చేతులు చల్లబడ్డాయి, ఊపిరి అందలేదు, ఇక పోతున్నాననే అనుకున్నాను. కొబ్బరిబోండాలు అమ్మే ఆయన పట్టుకుని నీడలో కూర్చోబెట్టాడు. ఈసీజీ, ఎకో రెండూ నార్మల్. గుండె డాక్టరే ఇది యాంగ్జైటీ అని చెప్పి సైకియాట్రిస్టు దగ్గరికి పంపారు. ఆయన రాత్రిపూట ఒక గోలీ రాసి, నెల తర్వాత తప్పకుండా రమ్మన్నారు.

నేను పోలేదు. పదిహేను రోజులకే మనసు నెమ్మదించింది, నిద్ర పట్టింది. గోలీ పనిచేస్తోంది కదా, ఫీజు ఎందుకు దండగ అనుకున్నాను. అదే చిట్టీ చూపించి మా వీధిలోని షాపులో కొంటూ వచ్చాను. మొదట రెండుసార్లు చిట్టీ అడిగారు. తర్వాత నన్ను చూడగానే షీట్ తీసి ఇచ్చేవారు. అట్లా ఎనిమిది నెలలు.

మొన్న జాతరకు ఇంటిల్లిపాదీ పోయాం. చెట్ల కింద గుడారం, అమ్మవార్లకు బంగారం (బెల్లం), జంపన్న వాగులో స్నానం, అంతా చిన్నప్పటిలాగే ఉంది. గోలీల డబ్బా మాత్రం ఇంట్లో టీవీ పక్కనే ఉండిపోయింది. నాలుగు రోజులకు ఏమైతదిలే అనుకున్నాను. మొదటి రోజు ఏమీ లేదు. రెండో రాత్రి నిద్ర పట్టలేదు. మూడో రోజు నుంచి చెయ్యి వణుకు, చెమటలు, కడుపులో దేవినట్టు. తల పక్కకు తిప్పితే లోపల కరెంటు షాక్ కొట్టినట్టు ఒక జర్కు. చంటోడు ఏడిస్తే మీద అరిచాను, వాడు బెదిరిపోయి వాళ్లమ్మ కొంగు పట్టుకున్నాడు. అది ఇంకా కండ్ల ముందు ఉంది.

ఇంటికి రాగానే గోలీ వేసుకున్నాను, మరునాటికి సగం తగ్గింది. ఇప్పుడు భయం వేస్తోంది. నేను దీనికి బానిసనైపోయానా? ఈరోజు నుంచే పట్టుదలగా మానేయాలా?

---

సుబేదారి_అక్క · ఆదివారం రాత్రి 10:15

తమ్ముడూ, నేను 16 ఏండ్లుగా స్టాఫ్ నర్సుని. ముందు ఈ ఒక్కటి విను. ఈ రాత్రి గోలీ మానకు. పట్టుదలతో ఆపే మందులు కావు ఇవి. నిద్ర మందు కలిసిన గోలీలను ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చి క్యాజువాలిటీకి వచ్చినవాళ్లను నా చేతులతో పట్టుకున్నాను.

రేపో ఎల్లుండో డాక్టరును కలువు. అప్పటిదాకా ఎప్పటిలాగే, అదే టైముకు, ఒక్కటే వేసుకో. జాతరలో పోయిన రోజులకు బదులుగా రెండు వేసుకోవద్దు.

షీట్ వెనుక సన్న అక్షరాలతో ఉన్న పేర్లు చూసి రాయి. కంపెనీ పెట్టిన పేరు కాదు, దాని కింద ఉండేవి.

---

ఓరుగల్లు_కోట · ఆదివారం రాత్రి 10:31

అక్కా, ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా చదవలేదు. ఇప్పుడు ఫోన్ లైటు వేసి చూశాను. ఎస్సిటాలోప్రామ్ 10 మిల్లీగ్రాములు, క్లోనాజెపామ్ 0.5 మిల్లీగ్రాములు అని ఉంది. ఒక్క గోలీలో రెండు మందులా?

---

పరకాల_మెడికల్ · సోమవారం ఉదయం 7:05

షాపు తెరిచేలోపు రాస్తున్నాను. పరకాలలో మందుల షాపు నడపబట్టి 14 ఏండ్లు.

అవును, రెండు మందులు. నీ కథంతా ఆ రెంటి మధ్యే ఉంది. ఎస్సిటాలోప్రామ్ నెమ్మదిగా పనిచేసేది. మొదలుపెట్టాక రెండు వారాలకు కొంచెం, నాలుగు నుంచి ఆరు వారాలకు బాగా తెలుస్తుంది. రోజూ వేసుకోవాల్సిన మందు అదే. క్లోనాజెపామ్ వేసిన గంటలోపే మనసును, ఒంటిని సద్దుమణిగేలా చేస్తుంది. మొదటి మందు అందుకునేదాకా ఊతకర్రలాగా ఇస్తారు. చాలామందికి రెండు నుంచి నాలుగు వారాలు చాలు, తర్వాత డాక్టరు దాన్ని తీసేస్తారు. నెలకు రమ్మన్నది బహుశా అందుకే.

రెండూ ఒకే గోలీలో ఉంటే కొనడానికి సులువు, వేసుకోవడానికి సులువు. చిక్కు ఎక్కడంటే, పోయి చూపించుకోకపోతే ఊతకర్ర కూడా ఎనిమిది నెలలు చేతిలోనే ఉండిపోతుంది. ఆపినరోజు రెండూ ఒకేసారి ఆగుతాయి.

ఇంకో మాట, మా వ్యాపారంలో ఉన్నవాళ్ల తరఫున చెప్పుకుంటున్నాను. నాలుగు గోలీలే కావాలంటే షీట్‌ను కత్తెరతో కోసి ఇస్తాం. పేరు, గడువు తేదీ ఉన్న ముక్క మా డబ్బాలో ఉండిపోతుంది, మీ చేతికి ఖాళీ వెండి రేకు వస్తుంది. ఏం వేసుకుంటున్నామో తెలియక సగం ఆపదలు అక్కడే మొదలవుతాయి. పేరున్న ముక్క అడిగి తీసుకోండి, లేదంటే బిల్లు మీద రాయించుకోండి. అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

అల్ప్రాజోలం, డయాజెపామ్, జోల్పిడెమ్ లాంటివి షెడ్యూల్ హెచ్1 కిందికి, అంటే గట్టి నిఘాతో అమ్మాల్సిన మందుల పట్టికలోకి వస్తాయి. 2014 మార్చి 1 నుంచి ఆ నిబంధన ఉంది. వాటి మీద ఎర్ర గీతల గడిలో హెచ్చరిక ఉంటుంది. రాసిన డాక్టరు పేరు, పేషెంటు పేరు, ఎన్ని ఇచ్చామో వేరే రిజిస్టర్లో రాసి మూడేండ్లు దాచాలి. క్లోనాజెపామ్ మీద ఎన్‌ఆర్‌ఎక్స్ అని ఎర్ర అక్షరాలు ఉంటాయి, చిట్టీ లేకుండా ఇవ్వకూడదు. చిట్టీ అడిగే షాపాయన మీద కోపం తెచ్చుకోకండి. అడగకుండా ఇచ్చేవాడి దగ్గరే జాగ్రత్త పడాలి.

---

జమ్మికుంట_పత్తి · సోమవారం ఉదయం 8:20

పెద్దవాడిగా చెప్తున్నా, ఏమనుకోకండి. ఈ గోలీల జోలికి అసలు పోవద్దు. మా బామ్మర్దికి ఇట్లాంటివే పదేండ్ల నుంచి. ఒకటి నుంచి నాలుగు దాకా వచ్చింది. మనిషి మబ్బుగా తిరుగుతాడు. పొద్దున నాలుగు మైళ్లు నడిచి, చల్లగా స్నానం చేసి, రంది పెట్టుకోకుంటే ఏ బుగులూ ఉండదు.

---

మనోవైద్యం_పీజీ · సోమవారం మధ్యాహ్నం 2:10

పెదనాన్న గారూ, మీ బామ్మర్ది గారి విషయంలో మీ బాధ నిజం. ఆయన మందు పేరు తెలియదు కానీ, మీరు చెప్పినట్టు ఒకటి నుంచి నాలుగుకు పెరగడం బెంజోడయాజెపైన్ జాతి మందుల్లో జరుగుతుంది. అల్ప్రాజోలం, డయాజెపామ్, లోరాజెపామ్, క్లోనాజెపామ్ ఆ జాతివి. ఒళ్లు అలవాటు పడి, పాత మోతాదు చాలకుండా పోతుంది. ఆయనను కూడా తీసుకురండి. పదేండ్ల తర్వాతైనా మెల్లగా తగ్గించవచ్చు. ఇంట్లో మాత్రం గోలీలు లాక్కుని దాచకండి, అది ప్రాణం మీదికి తెస్తుంది.

కానీ అన్ని మందులూ అట్లాంటివి కావు. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్ వంటి వాటికి ఆ వ్యసనం లక్షణం లేదు, ఇంకా ఇంకా కావాలనిపించదు. వాటినీ ఒక్కసారిగా ఆపకూడదన్నది వేరే సంగతి. తల తిప్పితే కరెంటు కొట్టినట్టు ఉందన్నారు కదా, అది ఎక్కువగా ఎస్సిటాలోప్రామ్ ఆగినందుకు వచ్చేది. నిద్ర పట్టకపోవడం, వణుకు, చెమటలు రెంటి వల్లా రావచ్చు. మీ క్లోనాజెపామ్ మోతాదు చిన్నది, పైగా అది ఒంట్లో ఎక్కువసేపు నిలిచే మందు. అందుకే మొదటి రోజు ఏమీ తెలియలేదు, ఫిట్స్ దాకా పోలేదు. అదే అల్ప్రాజోలం అయితే ఇంకా త్వరగా దిగిపోయి, ఇంకా గట్టిగా పట్టేది.

మీరు బానిస కాలేదు. ఒళ్లు అలవాటు పడటం వేరు. వ్యసనమంటే మందు కోసం అబద్ధాలాడటం, మోతాదు పెంచుకుంటూ పోవడం, అది లేకుండా బతకలేననుకోవడం. మీరు ఎనిమిది నెలలూ ఒక్క గోలీ దాటలేదు.

నడక సంగతి పెదనాన్న గారు చెప్పింది నేనూ చెప్తాను, ప్రతి పేషెంటుకూ చెప్తాను. తేలికపాటి గాబరాకు నడక, నిద్ర వేళలు, టీ తగ్గించడం, సీబీటీ అనే మాటల చికిత్స చాలాసార్లు సరిపోతాయి. కానీ రోడ్డు మీద బండి ఆపి కూర్చునే స్థితిలో ఉన్న మనిషికి రంది పెట్టుకోకు అంటే, కాలు విరిగినవాడికి లేచి నడువు అన్నట్టే ఉంటుంది.

---

జమ్మికుంట_పత్తి · సోమవారం మధ్యాహ్నం 3:02

మంచిగ చెప్పినవు బిడ్డా. వాని గోలీల షీట్ ఫొటో తెప్పిస్తా.

---

కాజీపేట_జంక్షన్ · సోమవారం సాయంత్రం 6:44

మందు మొదలుపెట్టకముందు థైరాయిడ్ చూపించుకోండి. నాకు ఏడాదిపాటు గుండె దడ, చెమటలు, చేతుల వణుకు. టెన్షన్ అన్నారు, గోలీలు వాడాను. చివరికి చూస్తే థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోంది. దానికి మందు పడ్డాక దడ పోయింది. రక్తం తక్కువున్నా, షుగర్ పడిపోయినా ఇట్లాగే ఉంటుందని ఆ డాక్టరు చెప్పారు.

---

భూపాలపల్లి_బొగ్గు · మంగళవారం తెల్లవారుజాము 5:30

నైట్ షిఫ్టు దిగి వచ్చి చదువుతున్నా. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ నడుపుతా. నాది చెప్తా, ఎవరికైనా పనికొస్తుంది.

రెండేండ్ల కింద నాకూ క్లోనాజెపామ్ రాశారు. రాత్రి వేసుకో అన్నారు. నాకు రాత్రంటే పని. షిఫ్టు మారినప్పుడల్లా గోలీ టైము నాకు నేనే మార్చుకున్నా. ఒకరోజు సెకండ్ షిఫ్టు ముందు మధ్యాహ్నం వేసుకుని ఎక్కినా. నిద్ర వస్తోందని కూడా తెలియలేదు. కండ్లు తెరిచే ఉన్నాయి. బెర్మ్ (దారి అంచున పోసే మట్టి గట్టు) దగ్గర బండి పక్కకు పోతుంటే వెనుక వచ్చే డ్రైవరు హారన్ కొట్టాడు, అప్పుడు చెయ్యి తిప్పినా. దిగి చాలాసేపు నేల మీదే కూర్చున్నా.

మరునాడు డాక్టరుకు నా పని ఏంటో, షిఫ్టులు ఏంటో మొత్తం చెప్పినా. అంతకుముందు ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. మందు మార్చారు, మోతాదు కుదిరేదాకా బండి ఎక్కవద్దన్నారు. లారీ, ఆటో, హార్వెస్టర్ నడిపే అన్నదమ్ములు, కరెంటు స్తంభాలెక్కేవాళ్లు, మీ పని ఏంటో ముందే చెప్పండి.

---

హుజూరాబాద్_కోడలు · మంగళవారం ఉదయం 11:15

మా అత్తమ్మకు 71. గాబరా ఏమీ లేదు కానీ గ్యాస్ అని మూడేండ్లుగా ఒక గోలీ వేసుకుంటుంది. ఈ మధ్య రాత్రి బాత్రూంకు లేచి రెండుసార్లు పడింది. మధ్యాహ్నం కూడా మగతగా ఉంటుంది, అడిగిందే మళ్లీ అడుగుతుంది. వయసు అనుకున్నాం. ఇదంతా చదివాక అనుమానం వచ్చింది. గ్యాస్ గోలీలో కూడా ఇట్లాంటి మందు ఉంటుందా?

---

పరకాల_మెడికల్ · మంగళవారం ఉదయం 11:40

ఉంటుందమ్మా. షీట్ వెనుక క్లోర్‌డయాజెపాక్సైడ్ అని ఉందేమో చూడు. పక్కన క్లిడినియం అని కూడా ఉండవచ్చు.

---

హుజూరాబాద్_కోడలు · మంగళవారం మధ్యాహ్నం 12:08

రెండూ ఉన్నాయన్నా. ఇంట్లో ఎవరికీ తెలియదు. అత్తమ్మ "గ్యాస్ గోలీయే కదా బిడ్డా" అంటోంది.

---

మనోవైద్యం_పీజీ · మంగళవారం రాత్రి 9:25

అక్కా, క్లోర్‌డయాజెపాక్సైడ్ కూడా బెంజోడయాజెపైన్ జాతిదే. పెద్దవయసులో ఈ మందులు ఒంట్లోంచి నెమ్మదిగా పోతాయి, కొంచెం కొంచెం పేరుకుంటాయి. మగత, తూలడం, మతిమరుపు అందుకే. క్లిడినియం వల్ల నోరు ఎండడం, మలబద్ధకం, మూత్రం సరిగ్గా రాకపోవడం ఉంటాయి. తుంటి ఎముక విరిగిందంటే ఆ వయసులో కోలుకోవడం కష్టం. మూడేండ్ల అలవాటు కాబట్టి మీరే ఆపేయకండి. షీట్ తీసుకుని ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి, తగ్గిస్తూ ఆపుతారు. ఈలోగా రాత్రి బాత్రూం దారిలో చిన్న లైటు పెట్టండి, అత్తమ్మ గారిని లేచినప్పుడు పిలవమనండి.

---

కేయూ_పరిశోధన · బుధవారం ఉదయం 10:30

వచ్చే నెల నాకు వైవా. వేదిక ఎక్కితే గొంతు ఎండి చేతులు వణుకుతాయి. హాస్టల్లో ఒకన్న ప్రొప్రనొలాల్ ఇచ్చాడు, గంట ముందు వేసుకుంటే చేతులు వణకవట. అలవాటు కూడా కాదట. వేసుకోవచ్చా? చిన్నప్పటి నుంచి నాకు చలికాలంలో పిల్లికూతలు, ఇన్‌హేలర్ వాడతాను.

---

మనోవైద్యం_పీజీ · బుధవారం మధ్యాహ్నం 1:50

తమ్ముడూ, వేసుకోవద్దు. ఆస్తమా ఉన్నవాళ్లకు ప్రొప్రనొలాల్ ఇవ్వకూడదు. ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలు బిగుసుకుంటాయి, ఆ సమయంలో నీ ఇన్‌హేలర్ కూడా సరిగ్గా పనిచేయకపోవచ్చు. ఆ గోలీ అన్నకు తిరిగి ఇచ్చేయి. ఆ అన్నకు ఆస్తమా లేదేమో, అందుకే ఆయనకు సరిపడి ఉంటుంది. ఇన్సులిన్ వాడే షుగర్ పేషెంట్లకూ దీనితో చిక్కే, షుగర్ పడిపోతున్నప్పుడు వచ్చే దడ, వణుకు తెలియకుండా కప్పేస్తుంది.

వైవాకు ఇంకా నెల ఉంది. ఖాళీ క్లాసురూములో నలుగురు స్నేహితులను కూర్చోబెట్టి నాలుగైదుసార్లు చెప్పు. ఊపిరి నాలుగు అంకెలు లెక్కపెట్టేదాకా లోపలికి, ఆరు అంకెల దాకా బయటికి. రోజూ చెయ్యి, ఆ రోజు మాత్రమే చేస్తే పనిచేయదు. అప్పటికీ తగ్గకపోతే వచ్చి కలువు, ఆస్తమా ఉన్నవాళ్లకు వేరే దారులున్నాయి.

---

తాటివనం_నర్సంపేట · బుధవారం రాత్రి 8:40

కల్లు గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. మాది తాటి గీసే ఇల్లు. మా నాయిన 40 ఏండ్లు మోకు కట్టుకుని చెట్టెక్కాడు. చెట్టు కల్లు ఎట్లుంటదో మాకు తెలుసు, పొద్దున దించింది సాయంత్రానికి పులుస్తుంది. కానీ చెట్లు లేని చోట కూడా సీసాలకు సీసాలు అమ్ముతున్నారంటే అందులో ఏం కలుస్తుందో మన తెలంగాణలో తెలియనిది కాదు. అల్ప్రాజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లు ఎన్నోసార్లు పట్టుబడింది. అట్లాంటి దుకాణాలు మూతపడ్డప్పుడు తాగేవాళ్లకు చేతులు వణికి, పిచ్చిపిచ్చిగా మాట్లాడి, ఫిట్స్ వచ్చి దవాఖానల్లో చేరారు.

ఇప్పుడు ఆలోచించండి. ఒక మనిషి డాక్టరు రాసిన గోలీ వేసుకుంటాడు, సాయంత్రం రెండు సీసాలు తాగుతాడు. ఆ సీసాలో అదే మందు ఎంతుందో వాడికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. మా బావ అట్లాగే ఒక రాత్రి గురక పెడుతూ పడుకుని, ఎంత లేపినా లేవలేదు. పెదవులు నల్లబడ్డాయి. 108 వచ్చి తీసుకుపోయింది, బతికాడు. డాక్టరు అడిగినప్పుడు సిగ్గుపడి కల్లు తాగనని చెప్పాడట. దాచొద్దు. మా కులవృత్తి మీద ప్రేమ ఉంది కాబట్టే చెప్తున్నా, గోలీ వాడే రోజుల్లో సీసా కల్లు ముట్టొద్దు.

---

సుబేదారి_అక్క · బుధవారం రాత్రి 9:10

తమ్ముడూ నీకు దండం. ఇది రాయడానికి ధైర్యం కావాలి.

బ్రాందీ, బీరు కూడా అంతే. గోలీతో కలిస్తే ఊపిరి మందగిస్తుంది. మనిషి లేవకపోతే, ఊపిరి నెమ్మదిగా ఉంటే పడుకోనివ్వండి అనుకోవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కు ఫోన్ చేయండి. గోలీల షీట్ వెంట తీసుకురండి.

ఇంకొకటి. మన ఊర్లలో ఒళ్లు నొప్పులంటే ఆర్‌ఎంపీ దగ్గరికి పోతాం, సూది వేస్తాడు, నాలుగు రంగుల గోలీలు పొట్లం కట్టి ఇస్తాడు. అందులో ట్రమడాల్ అనే నొప్పి మందు ఉంటే ఎస్సిటాలోప్రామ్‌తో కలవకూడదు. ఒళ్లు కాలడం, వణుకు, కొందరికి ఫిట్స్ రావచ్చు. ఎస్సిటాలోప్రామ్‌తో పాటు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి గోలీలు రోజూ వాడితే కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది. జలుబు సిరప్‌లలో కొన్ని మగతను రెట్టింపు చేస్తాయి. ఎక్కడికి పోయినా, ఏ సూది వేయించుకున్నా, ముందు నేను ఫలానా గోలీ వాడుతున్నా అని చెప్పాలి. పేరు నోరు తిరగకపోతే ఫోన్లో షీట్ ఫొటో చూపించండి.

---

మట్టెవాడ_చిన్ని · గురువారం ఉదయం 9:00

నాకు 23. ఎస్సిటాలోప్రామ్ మొదలుపెట్టి ఆరు రోజులు. గాబరా తగ్గకపోగా పెరిగినట్టుంది, వాంతి వచ్చేలా ఉంది. పడదేమో, ఆపేయనా?

---

మనోవైద్యం_పీజీ · గురువారం ఉదయం 9:35

చెల్లీ, మొదటి వారం పది రోజులు కొందరికి ఇట్లాగే ఉంటుంది. వికారం, తలనొప్పి, విరేచనాలు, గాబరా కొంచెం ఎక్కువ కావడం. అన్నం తిన్నాక వేసుకో. నీకు రాసిన డాక్టరుకు ఈరోజే ఫోన్ చేసి చెప్పు, మోతాదు తగ్గించి మొదలుపెట్టే వీలుంది. 25 ఏండ్ల లోపు వాళ్లను మొదటి వారాల్లో దగ్గరగా గమనించాలి. చచ్చిపోవాలనే ఆలోచన ఏమాత్రం వచ్చినా, కాలు నిలవనంత అలజడి ఉన్నా, ఇంట్లో ఒకరికి చెప్పి వెంటనే దవాఖానకు రావాలి. అర్ధరాత్రైనా 14416కు ఫోన్ చేయవచ్చు, అది టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. ఫీజు లేదు, తెలుగులో మాట్లాడతారు.

---

మట్టెవాడ_చిన్ని · గురువారం మధ్యాహ్నం 12:20

అట్లాంటి ఆలోచన లేదు మేడమ్. డాక్టరుతో మాట్లాడాను, వారం పాటు సగం వేసుకోమన్నారు. అమ్మకు కూడా చెప్పాను.

---

ఓరుగల్లు_కోట · తర్వాతి మంగళవారం రాత్రి 10:05

అందరికీ చెప్పాల్సిన బాకీ ఉంది. పోయి వచ్చాను.

నిజం చెప్పాలంటే గేటు దగ్గర పావుగంట నిలబడ్డాను. ఎవరైనా చూస్తే పిచ్చి డాక్టరు దగ్గరికి పోయిండు అంటారని. అప్పుడే మా వీధి కిరాణాషాపాయన బయటికి వస్తూ కనిపించాడు, చేతిలో మందుల కవరు. ఇద్దరం ఒక్క క్షణం చూసుకున్నాం. "లోపల ఎక్కువ మంది లేరు, పో" అన్నాడు. అంతే.

డాక్టరుకు ఎనిమిది నెలల సంగతి మొత్తం చెప్పాను. తిడతారనుకున్నాను, తిట్టలేదు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్ రాశారు, అన్నీ మామూలుగానే వచ్చాయి. రోజుకు ఎన్ని టీలు అని అడిగితే లెక్కపెట్టి ఏడు అన్నాను. ఆఫీసు దగ్గర మూడు గంటలకు ఇద్దరం కలిసి తాగేవి రెండు నేను లెక్కలోకే వేయలేదు, ఇంటికి వచ్చాక గుర్తొచ్చింది.

మందు ఇప్పుడు రెండుగా విడగొట్టారు. ఎస్సిటాలోప్రామ్ 10 వేరుగా, క్లోనాజెపామ్ వేరుగా. మొదటిది అట్లాగే ఉంచారు, నేను కుదుటపడ్డాక ఇంకా కొన్ని నెలలు వాడాలన్నారు. రెండోదే తగ్గించేది. 0.5 నుంచి 0.25కు, అక్కడ రెండు వారాలు, బాగుంటే అందులో సగానికి, మళ్లీ రెండు వారాలు. బాగా లేకపోతే ఉన్నచోటే ఆగమన్నారు, వెనక్కి పెంచుకోవద్దన్నారు. ఇది నాకు రాసిన లెక్క, నా మోతాదును బట్టి. దయచేసి ఎవరూ దీన్ని చూసి మీ గోలీ కోసుకోకండి.

---

ధర్మపురి_వాణి · తర్వాతి బుధవారం ఉదయం 7:50

మందులకు నెలకు ఎంత అవుతోందన్నా? మా తమ్ముడికి కూడా రాశారు, ఖర్చుకు వెనకాడుతున్నాడు.

---

పరకాల_మెడికల్ · తర్వాతి బుధవారం ఉదయం 8:15

చెల్లీ, జనౌషధి కేంద్రంలో జనరిక్ అడుగు, చాలా తగ్గుతుంది. వరంగల్ ఎంజీఎం లాంటి ప్రభుత్వ దవాఖానలో సైకియాట్రీ ఓపీ ఉంది, అక్కడ చూపించుకోవచ్చు. ఖర్చు కోసం ఒకరోజు విడిచి ఒకరోజు వేసుకునేవాళ్లను చూశాను, అట్లా మాత్రం చేయనివ్వకు.

---

హన్మకొండ_మమత · తర్వాతి గురువారం రాత్రి 9:30

మాకు పిల్లలు కావాలని ఆలోచన. నేను ఏడాదిగా గాబరాకు ప్యారోక్సెటిన్ (ఎస్సిటాలోప్రామ్ జాతి మందే) మీద ఉన్నాను. అత్తగారింట్లో వెంటనే ఆపేయమంటున్నారు.

---

మనోవైద్యం_పీజీ · తర్వాతి గురువారం రాత్రి 10:00

మమత గారూ, మంచి సమయంలో అడిగారు. గర్భం వచ్చాక కంగారుపడి ఆపడం కంటే ముందే ప్లాన్ చేసుకోవడం చాలా మేలు. ప్యారోక్సెటిన్‌ను గర్భం అనుకున్నప్పుడు సాధారణంగా మార్చుతారు. మీ సైకియాట్రిస్టు, గైనకాలజిస్టు ఇద్దరికీ చెప్పండి. మీ ఆయనను కూడా వెంట తీసుకెళ్లండి, ఇంట్లో సమాధానం చెప్పాల్సినప్పుడు మీరొక్కరే నిలబడకూడదు.

---

హుజూరాబాద్_కోడలు · మూడు వారాల తర్వాత

అత్తమ్మ గోలీ రెండు పూటల నుంచి ఒక పూటకు వచ్చింది. మధ్యాహ్నం మగత తగ్గింది. నిన్న సీరియల్‌లో కథ మొత్తం నాకే విప్పి చెప్పింది. గ్యాస్‌కు వేరే మందు రాశారు. బాత్రూం దారిలో లైటు పెట్టాం.

---

జమ్మికుంట_పత్తి · మూడు వారాల తర్వాత

మా బామ్మర్దిని తీసుకపోయినం. అల్ప్రాజోలం అట, అమ్మాయి చెప్పిన జాతే. దవాఖానలో చేర్చుకుని వేరే మందులోకి మార్చి తగ్గిస్తున్నరు. చాన్నాళ్లు పడుతదన్నరు. వాని చెల్లె రోజూ టిఫిన్ తీసుకపోతాంది.

---

ఓరుగల్లు_కోట · తొమ్మిది వారాల తర్వాత

క్లోనాజెపామ్ ఆగి ఈరోజుకు పదకొండో రోజు. మధ్యలో ఒకచోట, పావుకు వచ్చినప్పుడు, నాలుగు రాత్రులు సరిగ్గా నిద్రలేదు. ఆ నాలుగు రాత్రులూ మా ఆవిడ లేచి కూర్చుంది. డాక్టరు చెప్పినట్టు అక్కడే మూడు వారాలు ఆగాను. టీలు రెండుకు వచ్చాయి. సాయంత్రం భద్రకాళి బండ్ మీద నడుస్తున్నాను, చంటోడు నాకంటే ముందు ఉరుకుతాడు.

గోలీల డబ్బా ఇప్పుడు టీవీ పక్కన లేదు. వాడికి అందకుండా బీరువా పై అరలో పెట్టాం. చిట్టీ ఫొటో నా ఫోన్లో, మా ఆవిడ ఫోన్లో ఉంది. వచ్చే వారం చుట్టాల పెండ్లికి మంచిర్యాల పోతున్నాం. బ్యాగులో మొదట పెట్టింది ఎస్సిటాలోప్రామ్ షీటే, పేరున్న ముక్కతో సహా.